ఇంట్లో దొరికిన వెండి బిళ్ళలకూ, ఒడ్డున దొరికిన నాణేలకూ విలువ కట్టడం ఎలా?

వెండి ధర పెరిగిన ప్రతిసారీ మా హనుమకొండలో పాత సందుగలు తెరుచుకుంటాయి. బియ్యపు డబ్బా అడుగున మూటకట్టి దాచినవీ, దీపావళి నాడు లక్ష్మీపూజలో పెట్టి మళ్ళీ బట్టలో చుట్టేసినవీ అయిన రూపాయి బిళ్ళలు బయటికి వస్తాయి. వాటిని పట్టుకుని నేరుగా దుకాణానికి వెళ్ళడమే చాలామంది చేసే మొదటి పొరపాటు. బిళ్ళ మీ చేతిలో నుంచి మరొకరి కాటా మీదికి పోకముందే దాని కనీస ధర ఎంతో మీకు తెలిసి ఉండాలి. ఆ లెక్కకు పెద్ద చదువు అవసరం లేదు. వందో వంతు గ్రాము వరకు చూపే చిన్న కాటా, ఒక అయస్కాంతం, ఒక భూతద్దం, ఒక గ్లాసు నీళ్ళు, ఒక పూట తీరిక ఉంటే చాలు.

ముందుగా బిళ్ళలను పాత గుడ్డ మీద పరిచి, వాటిని కడగకుండానే వేరు చేయండి. కడగవద్దని ఇంత గట్టిగా చెప్పడానికి కారణం నా అనుభవమే. మా నాయనమ్మ విడిచివెళ్ళిన మూటలో చార్మినార్ బొమ్మ ఉన్న నిజాం రూపాయి ఒకటి ఉండేది. దీపావళి ముందురోజు దాన్ని నేనే చింతపండు, బూడిద పెట్టి పీచుతో తళతళలాడేలా తోమాను. తర్వాత నాణేలు సేకరించే ఒక పెద్దమనిషికి చూపిస్తే, ఆయన దాన్ని కిటికీ వెలుగులో అటూ ఇటూ తిప్పి, చార్మినార్ మీనార్ల పక్కన వెంట్రుకల్లా మెరుస్తున్న గీతలను వేలి గోటితో చూపించి, "దీనికి ఇక వెండి ధరే" అని తిరిగి నా చేతిలో పెట్టారు. నల్లబడిన పొర మురికి కాదు; ఏళ్ళ తరబడి వెండి మీద సహజంగా ఏర్పడిన పొర. సేకరణదారులు కోరుకునేది దాన్నే. మట్టి అంటుకుని ఉంటే మంచినీళ్ళలో నానబెట్టి, మెత్తని గుడ్డ మీద ఆరబెట్టండి. అంతకు మించి ఏమీ చేయకండి.

ఇప్పుడు వేరు చేయడం. మన ప్రాంతంలో ఇళ్ళలో దొరికే వెండి రూపాయల్లో ఎక్కువ భాగం రెండు రకాలు. రాజు లేదా రాణి తల ఉండి ఇంగ్లిష్ అక్షరాలు ఉన్నవి బ్రిటిష్ ఇండియా రూపాయలు. వీటిని మన పెద్దలు కల్దార్ అనేవారు. ఉర్దూ లిపి, చార్మినార్ ఉన్నవి నిజాం ప్రభుత్వపు హాలీ సిక్కాలు. ఒకే సంస్థానంలో రెండు డబ్బులు చెలామణిలో ఉండేవి కాబట్టి, 100 కల్దార్ రూపాయలకు సుమారు 116 హాలీ రూపాయలు ఇవ్వవలసి వచ్చేది. 1948 తర్వాత కూడా కొన్నేళ్ళు హాలీ చెలామణిలో కొనసాగి, 1959లో ముగిసింది. ఇది కేవలం చరిత్ర కాదు. ఆ మారకపు తేడాకు మూలం చాలావరకు వెండిలోనే ఉంది, మన లెక్కకు అది అవసరం.

కల్దార్ రూపాయి బరువు 11.66 గ్రాములు, అంటే సరిగ్గా ఒక పాత తులం. ఇక్కడే ఒక చిక్కు ఉంది. ఈనాడు మన దుకాణాల్లో తులం అంటే 10 గ్రాములు. "మీది తులం బిళ్ళ, తులం వెండి ధర కడతాను" అని దుకాణదారు అన్నప్పుడు ఆయన అబద్ధం చెప్పినట్టు కాదు, కానీ బిళ్ళకు గ్రామున్నరకు పైగా లెక్కలోకి రాకుండా పోతుంది. అందువల్ల తులాల్లో మాట్లాడకుండా మొదటి నుంచీ గ్రాముల్లోనే మాట్లాడండి.

తర్వాత సంవత్సరం చూడండి. విక్టోరియా, ఏడవ ఎడ్వర్డ్, అయిదవ జార్జి బొమ్మలున్న రూపాయల్లో వెండి వెయ్యికి 917 పాళ్ళు. అంటే అరగని బిళ్ళలో సుమారు 10.69 గ్రాముల శుద్ధమైన వెండి ఉంటుంది. ఆరవ జార్జి కాలంలో రెండో ప్రపంచ యుద్ధం వచ్చి వెండికి కటకట ఏర్పడడంతో, 1940 నుంచి 1945 వరకు ముద్రించిన రూపాయల్లో వెండిని సగానికి తగ్గించారు. మిగతాది 40 శాతం రాగి, 5 శాతం నికెల్, 5 శాతం జింకు. కాబట్టి బరువు అదే అయినా వెండి 5.83 గ్రాములే. 1947 నాటి రూపాయల్లో అసలు వెండే లేదు, అవి నికెల్‌వి. పులి బొమ్మ ఉన్న 1947 రూపాయిని ఎంతోమంది "స్వతంత్రం వచ్చిన ఏడాది వెండి బిళ్ళ" అని భద్రంగా దాచుకున్నారు. అయస్కాంతం దగ్గరికి తీసుకువెళితే అది టక్కున అతుక్కుంటుంది. వెండి ఎప్పుడూ అతుక్కోదు. ఈ ఒక్క పరీక్షతోనే మీ మూటలో కొంత భాగం పక్కకు పోవచ్చు. మనసు చివుక్కుమంటుంది కానీ తప్పదు.

హాలీ రూపాయి 11.18 గ్రాములు ఉంటుంది, అందులో వెండి వెయ్యికి 818 పాళ్ళు. అంటే సుమారు 9.14 గ్రాములు. వీటి మీద సంవత్సరం హిజ్రీలో, పారసీ అంకెల్లో ఉంటుంది. దాన్ని మన లెక్కలోకి తెచ్చుకోవడానికి హిజ్రీ సంవత్సరాన్ని 0.97తో గుణించి 622 కలపండి. ఉదాహరణకు 1321 అని ఉంటే అది 1903 ప్రాంతం. చార్మినార్ బొమ్మ రూపాయల మీదికి వచ్చింది ఆ రోజుల్లోనే. భూతద్దంతో చార్మినార్ వాకిలి లోపలికి చూడండి. అక్కడ మీమ్ అనే అక్షరం ఉంటే అది 1911 వరకు పాలించిన మీర్ మహబూబ్ అలీఖాన్ కాలం నాటిది, ఐన్ అనే అక్షరం ఉంటే ఆ తర్వాతి మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలం నాటిది. ఉర్దూ చదవడం రాని నాలాంటి వాళ్ళకు ఇదే సులువైన గుర్తు. హిజ్రీ 1361 నుంచి, అంటే 1942 ప్రాంతం నుంచి, యుద్ధపు ప్రభావం ఇక్కడా పడి వెండి సగానికి తగ్గింది. ఆ సంవత్సరం నుంచి వచ్చిన హాలీ బిళ్ళలను వేరే కుప్పగా పెట్టండి.

మూడో కుప్ప స్మారక నాణేలది. మన దేశంలో ఈ ఆనవాయితీ 1964లో నెహ్రూ బొమ్మతో మొదలైంది. అవి వెండివి కావు. ఇళ్ళలో తరచుగా కనిపించే మొదటి వెండి స్మారక నాణెం 1969 నాటి గాంధీ శతజయంతి 10 రూపాయల బిళ్ళ. దాని బరువు 15 గ్రాములు, వెండి 80 శాతం, అంటే 12 గ్రాములు. 1970, 1971 సంవత్సరాల్లో ‘అందరికీ ఆహారం’ అన్న నినాదంతో వచ్చిన 10 రూపాయల బిళ్ళలూ అదే కొలత. 1972లో స్వాతంత్ర్య రజతోత్సవ నాణేన్ని 22.5 గ్రాములకు పెంచి, వెండిని మాత్రం సగానికి దించారు. చూపుకు పెద్దది, లోపలి వెండి 11.25 గ్రాములే. పెద్ద బిళ్ళకు ఎక్కువ ధర అడిగి చిన్న బిళ్ళను తేలికగా ఇచ్చేసేవారు ఇక్కడ బోల్తా పడతారు.

ఇటీవలి స్మారక నాణేల్లో తెలుగువారి ఇళ్ళలోకి బాగా వచ్చింది 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి విడుదల చేసిన ఎన్టీఆర్ 100 రూపాయల నాణెం. బరువు 35 గ్రాములు, వ్యాసం 44 మిల్లీమీటర్లు, వెండి 50 శాతం. మిగతా పాళ్ళు చూస్తే రాగి 40, నికెల్ 5, జింకు 5. యుద్ధకాలపు కల్దార్ రూపాయిలో ఉన్న మిశ్రమమే ఇది. అందులో ఉన్న వెండి 17.5 గ్రాములు. ఆ రోజుల్లో వెండి గ్రాము 75 రూపాయల దగ్గర ఉంది కాబట్టి లోహపు విలువ సుమారు 1,310 రూపాయలు. అమ్మకపు ధర మాత్రం 4 వేల పైచిలుకు. అభిమానంతో కొన్నవారిని నేను తప్పుపట్టను. కానీ పెట్టుబడి అని చెప్పి పిల్లల పేరు మీద నాలుగైదు కొన్నవారు, వెండి ధర మూడింతలైతే గానీ పెట్టిన డబ్బు లోహంలో ఉండదన్న సంగతి తెలుసుకుని కొనవలసింది. ఈమధ్య కొన్ని స్మారక నాణేలు శుద్ధమైన వెండితోనూ వస్తున్నాయి. ఏది కొన్నా దాని బరువు, వెండి పాళ్ళు ముందు చదవండి, బొమ్మ తర్వాత చూడండి. కొత్తవి కావాలంటే ప్రభుత్వ టంకశాలల ద్వారానే కొనండి. హైదరాబాద్ టంకశాల వారి అమ్మకం సైఫాబాద్‌లో ఉంది. సంవత్సరం కింద చిన్న నక్షత్రం ఉంటే అది హైదరాబాద్ టంకశాల ముద్ర అని గుర్తు.

ఇక లెక్క. బిళ్ళను కాటా మీద పెట్టి అసలు బరువు రాసుకోండి. పుస్తకంలోని బరువు వద్దు, ఎందుకంటే చేతులు మారిన బిళ్ళ అరుగుతుంది. ఆ బరువును వెండి పాలుతో (వెయ్యికి 917 అయితే 0.917తో) గుణించి, వచ్చినదాన్ని ఆనాటి గ్రాము ధరతో గుణించండి. లెక్క సులువుగా ఉండేందుకు గ్రాము 100 రూపాయలు అనుకుందాం, మీరు మీ రోజు ధరను పెట్టుకోండి. అరగని పాత కల్దార్ రూపాయికి 1,069, యుద్ధకాలపు దానికి 583, హాలీకి సుమారు 914, గాంధీ 10 రూపాయలకు 1,200, ఎన్టీఆర్ నాణేనికి 1,750 వస్తాయి. ఇదే మీ కనీస ధర. దీన్ని ఒక కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి.

ఈ లెక్కలో ఏ గ్రాము ధరను తీసుకోవాలన్నది కొంచెం ఆలోచించవలసిన విషయం. ప్రపంచ విపణిలో వెండిని ఔన్సుల్లో, డాలర్లలో చెబుతారు. ఈ ఔన్సు 31.1 గ్రాములు. దాని మీద డాలరు మారకం, దిగుమతి సుంకం, 3 శాతం జీఎస్టీ కలిసి మన దుకాణపు ధర అవుతుంది. అందుకే అక్కడ ధర కదలకపోయినా ఇక్కడ కదలవచ్చు. 2024 జులై బడ్జెట్‌లో సుంకాన్ని 15 నుంచి 6 శాతానికి తగ్గించగానే మన దగ్గర ధర ఒక్కసారిగా దిగింది. పత్రికలో వచ్చే ధర శుద్ధమైన వెండి అమ్మకపు ధర. దుకాణదారు మీ దగ్గర కొనేటప్పుడు దానికంటే కొంత తగ్గిస్తాడు, అది న్యాయమే. కరిగించడానికి, శుద్ధి చేయడానికి ఖర్చవుతుంది. ఎంత తగ్గిస్తున్నాడన్నది శాతంలో అడగండి. "తరుగు పోను ఇంత" అని మొత్తం చెబితే ఒప్పుకోవద్దు, ఎందుకంటే మొత్తంలో తరుగు, పాలు, తులం అన్నీ కలిసిపోయి దేనికి ఎంత పోయిందో తెలియదు. కనీసం మూడు చోట్ల అడగండి. వరంగల్ పిన్నవారి వీధిలో ఒక దుకాణం నుంచి మరో దుకాణానికి పది అడుగులు కూడా ఉండవు కాబట్టి, ఈ పనికి బద్ధకించడానికి సాకు దొరకదు.

నకిలీ అన్న అనుమానం వస్తే నీటి పరీక్ష చేయండి. గ్లాసులో సగం నీళ్ళు పోసి కాటా మీద పెట్టి సున్నాకు తీసుకురండి. బిళ్ళను సన్నని దారంతో కట్టి, గ్లాసు అంచులకూ అడుగుకూ తగలకుండా పూర్తిగా నీళ్ళలోకి దించి పట్టుకోండి. కాటా మీద ఒక చిన్న అంకె కనిపిస్తుంది. బిళ్ళ బరువును ఆ అంకెతో భాగిస్తే సాంద్రత వస్తుంది. 11.66 గ్రాముల మంచి కల్దార్ రూపాయికి కాటా 1.13 దగ్గర చూపాలి, సాంద్రత 10.3 అవుతుంది. యుద్ధకాలపు బిళ్ళకు 1.22 దగ్గర చూపుతుంది. వెండి పూత పూసిన రాగి నికెల్ మిశ్రమం అయితే 1.31 వరకు పోతుంది. బిళ్ళకు గాలి బుడగలు అంటుకుని ఉంటే లెక్క తప్పుతుంది కాబట్టి ఒకసారి నీళ్ళలో ఆడించి దించండి. మొదటిసారి నా చెయ్యి వణికి మూడుసార్లు మూడు అంకెలు వచ్చాయి. దారాన్ని పెన్నుకు కట్టి, పెన్నును రెండు పుస్తకాల మీద అడ్డంగా ఆనించిన తర్వాత అంకె నిలిచింది.

దుకాణాల్లో ఎక్స్‌రే యంత్రం పెట్టి పాలు చూపిస్తారు. అది మంచిదే, కానీ అది చూసేది పై పొరనే. పూత ఉన్న బిళ్ళకు ఎక్కువ పాలు చూపే అవకాశం ఉంది. లోపలి సంగతి సాంద్రతే చెబుతుంది. గీటురాయి మీద గీయడానికీ, ఆకురాయితో అంచు రాయడానికీ, ఆమ్లం చుక్క వేయడానికీ మాత్రం ఒప్పుకోకండి, ఆ బిళ్ళకు సేకరణ విలువ లేదని నిర్ధారణ అయ్యేదాకా.

సేకరణ విలువ ఎప్పుడు ఉంటుంది? నిజం చెప్పాలంటే చాలా తక్కువ సార్లు. మామూలు సంవత్సరపు అరిగిన రూపాయికి సేకరణదారు వెండి ధర మీద కొద్దిగా ఎక్కువ ఇస్తాడు, అంతే. కానీ 1939 నాటి ఆరవ జార్జి రూపాయి దొరికితే మాత్రం కరిగించే మాట ఎత్తకండి. అది అరుదైనది, అంతే ఎక్కువగా నకిలీలూ ఉన్నాయి. 1911 నాటి అయిదవ జార్జి రూపాయికి ఒక కథ ఉంది: రాజు వస్త్రం మీద ఉన్న ఏనుగు పందిలా కనిపిస్తోందని జనం అభ్యంతరపెట్టడంతో ప్రభుత్వం దాన్ని వెనక్కి తీసుకుంది, అందుకే అది తక్కువగా దొరుకుతుంది. లంబాడా తండాల్లో దండలుగా కూర్చిన రూపాయలకు చరిత్ర విలువ వేరే ఉంది, కానీ విడివిడి నాణేలుగా అమ్మేటప్పుడు టంకం పెట్టి కొండీ అతికించిన బిళ్ళకు సేకరణ ధర రాదు, టంకపు బరువును వెండిగా లెక్క వేయనూ కూడదు. దాన్ని దండగానే అమ్మండి, లేకపోతే దాచుకోండి.

వైష్ణోదేవి బొమ్మ ఉన్న 5 రూపాయల నాణేనికి లక్షలు ఇస్తామంటూ ఫోనుకు వచ్చే సందేశాల గురించి రెండు మాటలు చాలు. అవి మోసం. అది 2012లో విరివిగా ముద్రించిన మామూలు నాణెం. పాత నాణేల కొనుగోలు పేరుతో తమ పేరు వాడి రుసుములు వసూలు చేస్తున్నారని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే హెచ్చరించింది. ముందుగా డబ్బు కట్టమని అడిగినవాడు కొనేవాడు కాదు.

కరిగించే విషయంలో చట్టం కూడా గుర్తుంచుకోండి. 2011 నాణేల చట్టం ప్రకారం చెల్లుబాటులో ఉన్న నాణేన్ని, స్మారక నాణెంతో సహా, కరిగించడం నేరం; ఏడేళ్ళ వరకు జైలు శిక్ష పడవచ్చు. కాబట్టి స్మారక నాణేలను కరీంనగర్ వెండి తీగ పనివారికి ఇచ్చి బరిణె చేయించుకుందాం అనే ఆలోచన మానుకోండి. వాటిని నాణేలుగానే అమ్మాలి. దాచేటప్పుడు రబ్బరు బ్యాండు వేయకండి. రబ్బరులోని గంధకం వెండి మీద నల్లటి గీత పెడుతుంది, అది పోదు. ఒక్కో బిళ్ళను ఒక్కో కాగితపు కవరులో పెట్టి, కవరు మీద బరువు, సంవత్సరం రాయండి.

ఇంతవరకు ఇంట్లో ఉన్నవాటి సంగతి. ఇప్పుడు ఒడ్డున వెతికేవారి కోసం. మనకు సముద్రం లేదు, కానీ గోదావరి ఉంది. ధర్మపురి, మంథని, కాళేశ్వరం రేవుల్లో జనం నీళ్ళలోకి రూపాయలు వేయడం తరతరాలుగా ఉన్న అలవాటు. 2015 జులైలో గోదావరి పుష్కరాలు, 2025 మేలో కాళేశ్వరంలో సరస్వతి పుష్కరాలు జరిగాయి. 2027లో మళ్ళీ గోదావరి పుష్కరాలు రానున్నాయి. రేవుల దగ్గర పిల్లలు తాడుకు అయస్కాంతం కట్టి నీళ్ళలోకి విసరడం మీరు చూసే ఉంటారు. దానికి అంటుకునేవి స్టీలు రూపాయలు, రెండు రూపాయలు, మేకులు. వెండి, రాగి, బంగారం ఎన్నటికీ అంటవు. పాత నాణెం కావాలనుకుంటే అయస్కాంతాన్ని ఇంట్లో వదిలి, నీరు తన పని ఎలా చేస్తుందో తెలుసుకోవాలి.

ఇసుక సాంద్రత 2.65, వెండిది 10.5, బంగారానిది 19.3. ప్రవాహం బలంగా ఉన్నంతసేపు అన్నీ కదులుతాయి. బలం తగ్గగానే బరువైనవి ముందు ఆగిపోతాయి. కాబట్టి నది వంపు తిరిగే చోట లోపలి ఒడ్డున, పెద్ద బండల వెనుక, రాతి పగుళ్ళలో, రేవు మెట్ల అడుగు మూలల్లో చూడాలి. వరద తీసిన తర్వాత, మార్చి నుంచి మే వరకు నీళ్ళు బాగా తగ్గినప్పుడు అనువైన కాలం. కొత్తగా మేట వేసిన తెల్లని ఇసుకలో వెతకడం దండగ. గులకరాళ్ళు, నల్లటి బరువైన ఇసుక కలిసి గీతలా పేరుకున్న చోట ఆగండి.

ఒక జాగ్రత్త. గోదావరిలోనూ మానేరులోనూ ఇసుక తవ్విన గుంతలు పైకి కనిపించవు; మోకాలి లోతు నీళ్ళలో నడుస్తూ ఒక్క అడుగు వేస్తే మనిషి మునుగుతాడు. పైన ఎల్లంపల్లి వంటి జలాశయం నుంచి నీళ్ళు వదిలితే ఎండాకాలంలోనూ మట్టం పెరుగుతుంది. స్థానిక జాలరులను అడగకుండా, ఒంటరిగా దిగవద్దు.

సముద్రం దాకా వెళ్ళేవారికి సూత్రం ఇదే, కాలం వేరు. కాకినాడ దగ్గర ఉప్పాడలో తుఫాను వెళ్ళగానే ఊరి జనం దువ్వెనలూ జల్లెడలూ పట్టుకుని ఒడ్డుకు వస్తారు. 2020 నవంబరులో నివర్ తుఫాను తర్వాత అక్కడ బంగారు రేణువులు దొరికిన వార్త అందరూ చూశారు. అక్కడ సముద్రం ఏళ్ళుగా ఊరిని కోసుకుంటూ వచ్చింది, ఇళ్ళూ గుళ్ళూ నీటిలో కలిశాయి. పెద్ద అల తేలికైన ఇసుకను లాగేసి, బరువైనదాన్ని వదిలేస్తుంది. అందుకే ఒడ్డు నిలువుగా కోసుకుపోయి గట్టులా నిలిచిన చోట, ఆ గట్టు పాదం దగ్గర వెతకాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుఫానుల కాలం. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటు ఎంత పైకి వస్తుందో ఆటు అంత దూరం తీస్తుంది కాబట్టి, ఆ రోజుల్లో ఆటు సమయానికి రెండు గంటల ముందు దిగి, నీరు తిరగగానే పైకి వచ్చేయాలి. ఆటు సమయం రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతూ వస్తుంది. తుఫాను హెచ్చరిక తీసేయకముందే దిగేవారికి నేను చెప్పగలిగిందేమీ లేదు. ఉప్పునీటిలో పడి ఉన్న వెండి నల్లని పెంకులా మారి బరువు కోల్పోతుంది. దాన్ని చూసి ఇనుప ముక్క అని విసిరేయకండి, అయస్కాంతం పెట్టి చూడండి.

మట్టిలో నుంచి తీసినదాని సంగతి పూర్తిగా వేరు, ఇక్కడ నేను ఖచ్చితంగా ఉంటాను. వరంగల్ కోట వంటి రక్షిత కట్టడాల పరిధిలో తవ్వడం, డిటెక్టరుతో తిరగడం చేయకూడదు. ఇతర చోట్ల, మీ సొంత పొలంలో దుక్కి దున్నుతున్నప్పుడైనా సరే, 10 రూపాయలకు మించిన విలువ గలది దొరికితే 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం వర్తిస్తుంది. 2021 ఏప్రిల్‌లో జనగామ దగ్గర పెంబర్తిలో భూమి చదును చేస్తుండగా బంగారు, వెండి నగలున్న పాత్ర బయటపడినప్పుడు అధికారులే వచ్చి స్వాధీనం చేసుకున్నారు.

ఇది కేవలం శిక్ష భయంతో చెప్పే మాట కాదు. జగిత్యాల జిల్లా కోటిలింగాలలో గోదావరి ఒడ్డున దొరికిన చిముక, గోబద, సమగోప అనే పాలకుల పేర్లున్న చిన్న నాణేలు శాతవాహనుల ఆరంభం గురించిన చర్చనే తెలంగాణ వైపు తిప్పాయి. పెద్దబంకూరులో తవ్వకాల్లో ఒక కుండలో 22 వేలకు పైగా శాతవాహన నాణేలు బయటపడ్డాయి. అవే నాణేలు ఎవరి సంచిలోనో కలిసి బజారుకు వచ్చి ఉంటే అవి ఏ పొరలో, వేటి పక్కన ఉన్నాయో చెప్పేవారు ఉండేవారు కాదు. రాగి తూకానికి పోయేవి.

కాబట్టి దొరికిన వెంటనే చేయవలసిన పని ఇది. వస్తువును కదపకముందే, పక్కన ఒక స్కేలు గానీ అగ్గిపెట్టె గానీ పెట్టి ఫోటో తీయండి. కుండ ఉంటే ఖాళీ చేయకండి, కడగకండి. అందులోని మట్టికి కూడా విలువ ఉంది. తర్వాత జిల్లా కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయండి. అందులో ఏమి దొరికింది, సుమారు ఎంత విలువ ఉండవచ్చు, సర్వే నంబరుతో సహా ఎక్కడ, ఏ తేదీన దొరికింది అన్న వివరాలు తప్పనిసరి. వస్తువును ప్రభుత్వ ఖజానాలో జమ చేయాలి, లేదా కలెక్టరు కోరినప్పుడు చూపుతానని పూచీ ఇవ్వాలి. కలెక్టరు ప్రకటన వేసి, నాలుగు నుంచి ఆరు నెలల లోపు ఒక తేదీన హక్కుదారులను విచారిస్తారు. ఎవరి సొత్తూ కాదని తేలితే, వేరే ఒప్పందం లేనప్పుడు దొరికినవారికి నాలుగింట మూడు వంతులు, భూమి యజమానికి నాలుగో వంతు వస్తాయి. ప్రభుత్వమే ఉంచుకోదలిస్తే లోహపు విలువ మీద అయిదో వంతు కలిపి చెల్లిస్తుంది. దాచిపెట్టి పట్టుబడితే ఆ వాటా పోతుంది, ఏడాది వరకు జైలు శిక్షా పడవచ్చు. అంటే ముందు మనం కట్టుకున్న వెండి లెక్క ఇక్కడా పనికివస్తుంది: అప్పజెప్పేటప్పుడు ఒక్కో బిళ్ళ బరువును అధికారి ఎదుటే తూచి జాబితాలో రాయించండి, సంఖ్య మాత్రమే రాసిన రసీదును తీసుకోకండి. అర్జీ రెండు ప్రతులు రాసి, మీ ప్రతి మీద ముద్ర, తేదీ, సంతకం వేయించుకున్న తర్వాతే కార్యాలయం మెట్లు దిగండి.